నాన్న గొంతుకి ఒక హార్డ్ డిస్క్

ఆ రెండు నెలలూ నేను మనుషుల్లో లేను. బడిలో పిల్లలకి లెక్క చెబుతూ సగంలో ఆపేసి, హార్డ్ డిస్క్ ఎన్నేళ్ళు బతుకుతుందని ఫోన్లో వెతికిన రోజులున్నాయి. పొయ్యి మీద పప్పు మాడుతుంటే నేను రివ్యూలు చదువుతున్నాను. ఒకడు ఐదు స్టార్లిచ్చి బ్రహ్మాండం అంటాడు. వాడి కిందే ఇంకొకడు ఒక్క స్టారిచ్చి, మా పాప ఫోటోలన్నీ పోయాయి, దయచేసి కొనకండి అని ఏడుస్తాడు. ఎవరిని నమ్మాలి? ఐదు స్టార్లవాడు కొన్న మర్నాడే రాశాడు, వాడికేం తెలుసు? ఒక్క స్టారువాడు దాన్ని ఎన్నిసార్లు కింద పడేశాడో వాడు చెప్పడు. అసలు ఏ గొడవా లేకుండా వాడుకుంటున్నవాళ్ళు రివ్యూ ఎందుకు రాస్తారు? ఇంతా ఆలోచించి మళ్ళీ మొదటికొచ్చేదాన్ని.

"పెళ్ళిచూపుల్లో నన్ను ఒప్పుకోడానికి నీకు పావుగంట పట్టింది. ఈ పెట్టెకి రెండు నెలలా?" అన్నారు మా ఆయన.

"అప్పుడు తొందరపడ్డాననే ఇప్పుడు జాగ్రత్తగా ఉన్నాను" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను దాచాలనుకున్నది మా నాన్న గొంతు.

నాన్న పాలకొల్లులో కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. కొట్టూ ఇల్లూ ఒకే ప్రహరీలో ఉంటాయి. మా ఆయనకీ నాకూ ఉద్యోగాలు ఊళ్ళోనే కాబట్టి పెళ్ళయినా నేను ఆ ప్రహరీ దాటలేదు. నాన్నది పెద్ద గొంతు. కాలవ అవతలి గట్టు మీద పోయేవాణ్ణి ఇవతల నుంచి కేకేస్తే వాడు సైకిలు దిగి నిలబడేవాడు. కాయలు లెక్కపెట్టేటప్పుడు మా వ్యాపారుల్లో ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండూ... మూడూ..." అని నాన్న సాగదీస్తుంటే వీధి చివర ఇస్త్రీబండి వరకూ వినపడేది. చుట్టలు మానమని అమ్మ ఉన్నన్నాళ్ళూ పోరింది, ఈయన వింటేగా. చివరికి అదే గొంతులో పుండు పడింది. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, స్వరపేటిక తీసేస్తేగాని ప్రాణం దక్కదన్నారు. ఆపరేషన్‌కి ఇరవై రోజుల గడువిచ్చారు.

ఆ ఇరవై రోజులూ సాయంత్రం కాగానే నాన్న ముందు ఫోన్ పెట్టి కూర్చున్నాను. ఏదైనా చెప్పు నాన్నా అంటే "ఏం చెప్పనే, కోర్టులో సాక్ష్యమా?" అని మొదలుపెట్టి ఆపకుండా చెప్పేవాడు. చిన్నప్పుడు బల్లకట్టు మీంచి గోదాట్లో పడ్డ సంగతి. అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో పులుసులో బెల్లం బదులు చింతపండు రెండోసారి వేసిన సంగతి. లారీ డ్రైవర్లని తిట్టే తిట్లు విడిగా ఒక గంట తిట్టించి పెట్టుకున్నాను. దగ్గు, తుమ్ము, కాఫీ చప్పరించడం, అన్నీ ఉన్నాయి. ఫోన్ నిండిపోతే ఎప్పటిదో ఒక నల్ల హార్డ్ డిస్క్ ఇంట్లో ఉంటే దాంట్లోకి మార్చాను. నెట్‌లో కూడా పెట్టబోయాను. ఏడు ఫైళ్ళు ఎక్కాక ఇక చోటు లేదని మెసేజ్ వచ్చింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. నాన్న మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే. మాట లేదు. పలక కొన్నాం. కొట్లో కాయ బేరాలన్నీ పలక మీదా చేతి సైగలతోనూ నడిచేవి. నేను బడి నుంచి రాగానే, లోపల చోటే మిగలని మా పాత ల్యాప్‌టాప్‌కి ఆ డిస్క్ తగిలించి ఒక ఫైలు పెట్టేదాన్ని. నాన్న పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని తన గొంతు తను వినేవాడు. ఆ అరగంటే ఆయనకి మందు అని నేను గట్టిగా నమ్మాను. ఒక్కరోజు కూడా తప్పించలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి ఫైలు పెట్టాను.

అలాంటిది, ఒకరోజు ఆ డిస్క్ లోపల టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ టిక్కుమంది. పాత డిస్క్, ఒక్కటే కాపీ. వెంటనే ఇంకోటి కొనాలి. ఏది కొనాలి? అక్కడ మొదలైంది నా పిచ్చి.

తిరిగే పళ్ళాలున్న డిస్కా, పళ్ళాలే లేని చిప్పుల ఎస్‌ఎస్‌డీనా? ఎస్‌ఎస్‌డీకి దెబ్బ తగిలినా ఏం కాదంటారు, కానీ కరెంటు ఇవ్వకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే లోపలివి చెరిగిపోవచ్చంటారు. పళ్ళాలవి చవక, పైగా పాడయ్యేముందు కాస్త చప్పుడు చేసి చెబుతాయంటారు, కింద పడితే మాత్రం అంతే సంగతులు. సీసీ కెమెరాలకి వాడేవి రాత్రింబవళ్ళు తిరుగుతాయట, మరి అవి మేలేమో? మా ఊళ్ళో ఉప్పగాలి, వానాకాలం గోడలకి చెమ్మ, పూటకోసారి పోయే కరెంటు, వీటి సంగతి ఏ రివ్యూలోనూ ఉండదు. కాగితం మీద గళ్ళు గీసి కంపెనీలు ఒక పక్కా, మంచీచెడూ ఇంకో పక్కా రాశాను. గళ్ళు నిండాయి. డిస్క్ మాత్రం కొనలేదు.

చివరికి ఒక శనివారం సెలవు పెట్టి రాజమండ్రి బస్సెక్కాను. సిద్ధాంతం వంతెన మీద గోదారి వంక కూడా చూడలేదు, ఫోన్లో పోలికలు చూసుకుంటూ కూర్చున్నాను. అక్కడ ఒక కంప్యూటర్ల షాపాయన ఉన్నాడు, పోయిన డేటా తీయడంలో ఆయనది మంచి చెయ్యి అని మా బడిలో ఎవరో చెప్పారు. యాభై ఏళ్ళుంటాయి. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల మీంచి చూస్తూ నా గళ్ళ కాగితం మొత్తం ఓపిగ్గా చదివాడు.

"ఏదండీ, అస్సలు పోనిది?" అనడిగాను.

"పోనిదంటూ లేదండీ. అన్నీ పోతాయి. ముందా వెనకా, అంతే తేడా."

"మరి ఐదేళ్ళ వారంటీ ఇస్తున్నారుగా?"

"ఇస్తారండీ. డిస్క్ పోతే కొత్త డిస్క్ ఇస్తారు. ఖాళీది. అందులో ఉన్నది మీకెవరిస్తారు?"

ఆ మాట నా నెత్తి మీద మొట్టికాయలా పడింది. రెండు నెలలుగా వారంటీలు పోల్చుకుంటూ కూర్చున్నాను. ఐదేళ్ళ వారంటీ అంటే నాన్న గొంతు ఐదేళ్ళు ఉంటుందని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. లెక్కల టీచర్ని!

ఆయన ఇంకా చెప్పాడు. ఒకటి కాదు, రెండు కొనమన్నాడు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పెట్టెలోవి వద్దన్నాడు. ఒకే రోజు ఒకే చోట తయారైనవాటికి జబ్బు కూడా ఒకటే ఉండొచ్చట. వాడేసినవి తుడిచి కొత్త కవర్లో పెట్టి అమ్మేవాళ్ళు ఉంటారు కాబట్టి, కొనగానే అది అప్పటికే ఎన్ని గంటలు తిరిగిందో చూసుకోవాలన్నాడు. ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే ఎవరింట్లోనైనా పెట్టమన్నాడు. చివర్న, "అవన్నీ తర్వాత అండీ. ముందు ఇదిగో, ఇక్కడున్నవాటిలో ఏదో ఒకటి పట్టుకెళ్ళి ఇవాళే కాపీ చేసేసుకోండి. ఎంపికలు తీరిగ్గా చేద్దురుగాని" అన్నాడు.

నేను కొనలేదు. రెండు కంపెనీలవి కావాలన్నారుగా, రెండో కంపెనీ గురించి నేనింకా సరిగ్గా చదవలేదు. చదివి వచ్చే వారం వస్తానండీ అని ఖాళీ చేతులతో బస్సెక్కాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆలస్యం అమృతం విషం అని పిల్లల కాపీపుస్తకాల్లో నేనే రాయిస్తాను.

ఇంటికొచ్చి జరిగిందంతా నాన్నకి చెప్పాను. ఒకే పెట్టెలోవి వద్దన్నారు నాన్నా అంటే, పలక తీసుకుని "అవును. రెండు తోటల కాయ కొను" అని రాశాడు. ఒకే తోట కాయకి తెగులొస్తే రాశి మొత్తానికి ఒకేసారి వస్తుంది, వ్యాపారికి అది ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ అక్షరాలు చెరిపి, కింద "కొన్నావా?" అని రాశాడు. లేదన్నాను. "ఎప్పుడు?" అని రాశాడు. వచ్చే వారం అన్నాను. నాన్న సుద్దముక్క కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. బేరం తెమల్చని కొనుగోలుదారుణ్ణి అలాగే చూసేవాడు.

వచ్చే వారం రానే లేదు. బుధవారం సాయంత్రం ఎప్పట్లా ఫైలు పెట్టాను. నాన్న గొంతు వస్తోంది, మధ్యలో డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. "విన్నావా నాన్నా? లోపల ఏదో ఊడినట్టుంది" అన్నాను. అని, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను.

కురిడీ కాయల సంగతి ఇక్కడ చెప్పాలి. కొబ్బరికాయని నెలల తరబడి అటక మీద ఎండబెడితే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి పెంకు నుంచి విడిపోయి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. అయిందో లేదో పగలగొట్టి చూడరు. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. నీళ్ళు కదిలితే ఇంకా పచ్చి. గుండు లొటలొటలాడితే తయారు. యాభై ఏళ్ళుగా నాన్న చెయ్యీ చెవీ చేస్తున్న పని అదే. లోపల ఏదో ఊడిందని ఎవరైనా అంటే ఆ చెయ్యి ఊరుకుంటుందా?

కాఫీ గ్లాసుతో వచ్చేసరికి నాన్న ఆ డిస్క్‌ని వైరుతో సహా ఎత్తి, కుడిచెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు సగం మూసి ఊపుతున్నాడు. డిస్క్ లోపల తిరుగుతూనే ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆయన గొంతు బల్లకట్టు కథ చెబుతూనే ఉంది. నేను "అయ్యో నాన్నా!" అనేలోపు కిర్రుమని ఒక చప్పుడు. కథ ఆగిపోయింది.

"ఏం చేశావు? ఏం చేశావు నువ్వు?" అని అరిచాను. గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "నోరు పోయింది చాలక ఇప్పుడు చేతులు కూడానా నీకు?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. దానికి కాపీ అక్కర్లేదు, నేను పోయేదాకా చెరగదు. నాన్న డిస్క్‌ని బల్ల మీద నెమ్మదిగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు. పలక అందుకోలేదు. లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి పరుగెత్తాను. షాపాయన డిస్క్‌కి ఒక్క క్షణం కరెంటిచ్చి, చెవి పెట్టి విని, వెంటనే వైరు లాగేశాడు. లోపల పళ్ళెం తిరుగుతున్నప్పుడు చదివే ముల్లు దాని మీద వెంట్రుకంత ఎత్తులో కూడా ఉండదట. ఊపితే ముల్లు పళ్ళెం మీద పడి గీసేస్తుందట. "ముందే కాస్త దెబ్బతిని ఉందండీ, ఊపడంతో అయిపోయింది" అన్నాడు. హైదరాబాద్‌లో పెద్ద ల్యాబుకి పంపాడు. మూడు వారాలకి తిరిగొచ్చింది. ఏమీ రాలేదు.

ఆ కబురు విన్నరోజే ఆయన షాపులో నిలబడి రెండు కంపెనీలవి రెండు డిస్కులు కొన్నాను. ఎంతసేపు పట్టిందంటారు? పది నిమిషాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ పది నిమిషాల్లో తెలిసింది. ఎన్ని గంటలు తిరిగాయో చూశాను, రెండూ సున్నా. సీరియల్ నంబర్లు సరిచూశాను. ఇంటికొచ్చి నెట్‌లో మిగిలిన ఆ ఏడు ఫైళ్ళూ దింపి, రెండింట్లోకీ కాపీ చేసి, మళ్ళీ వెనక్కి తీసి ఆడించి చూసుకున్నాను. అంత పెద్ద డిస్కుల్లో ఏడు ఫైళ్ళు. గోడౌన్ అంతా ఊడ్చి ఓ మూల ఏడు కాయలు పోసినట్టుంది.

నాన్నని పిలిచాను. వచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఆ మూడు వారాల్లో నేను రెండుసార్లు క్షమించమన్నాను, రెండుసార్లూ పోనీలెద్దూ అన్నట్టు చెయ్యి ఊపాడు. నాకది చాలలేదు. మొదటి ఫైలు పెట్టాను. విన్నాడు. రెండోది మొదలవగానే కళ్ళు తెరిచి, ఆపమని సైగ చేసి, పలక మీద రాశాడు. "ఇది నీ కోసం వింటున్నా. నాకు అక్కర్లేదు."

ల్యాప్‌టాప్ మూసేశాను.

ఇంతవరకూ ఒక సంగతి చెప్పకుండా దాటేశాను. చెప్పడానికి సిగ్గేసింది. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రివాళ్ళు నాన్నకి ఒక యంత్రం ఇచ్చారు. టార్చిలైటంత ఉంటుంది. గొంతుకి ఆనించి మీట నొక్కి పెదాలు కదిపితే మాట వస్తుంది. ఎత్తూ పల్లం లేని, రేకు గీరినట్టుండే మాట. రోజూ సాధన చేస్తే నాలుగు నెలల్లో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడొచ్చని అక్కడ నేర్పించే అమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చిన మొదటిరోజు నాన్న దాన్ని గొంతుకి పెట్టుకుని నన్నే పిలిచాడు. ఆ చప్పుడు వినలేకపోయాను. మా నాన్న నోట్లోంచి ఎవరో వస్తున్నట్టు అనిపించి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి యంత్రం పెట్టెలో ఉంది. నాన్న పలక పట్టుకుని కూర్చున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజం, అలాగే అనుకున్నాను. ఆ మర్నాటి నుంచే రోజూ ఫైళ్ళు వినిపించడం మొదలుపెట్టాను.

పలక మీది రాత చూశాక ఇక కూర్చోలేకపోయాను. బీరువాలు వెతికాను. యంత్రం లేదు, దాని ఛార్జరూ లేదు. ఎక్కడ పెట్టావు నాన్నా అని అడగడానికి నోరు రాలేదు. రాత్రంతా ఇటు దొర్లీ అటు దొర్లీ తెల్లవార్చాను.

తర్వాతి ఆదివారం పెరట్లో బట్టలారేస్తుంటే కొట్టు వైపు నుంచి రేకు గీరినట్టుండే ఆ రొద వినిపించింది. తడిచీర భుజాన వేసుకునే వెళ్ళాను. కాయల రాశి వెనక నిలబడితే నేను వాళ్ళకి కనపడను. నరసాపురం నుంచి ఎప్పుడూ వచ్చే పాత కొనుగోలుదారు స్టూలు మీద కూర్చున్నాడు. నాన్న యంత్రం మెడకి ఆనించి ఏదో అన్నాడు.

"ఏంటండీ? ఇంకోసారి చెప్పండి" అన్నాడు ఆయన.

నాన్న యంత్రం కాస్త పక్కకి జరిపి మళ్ళీ అన్నాడు. ఈసారి నాకూ అర్థమైంది. "చిన్న కాయ కాదు. నీ కళ్ళు చిన్నవి."

ఆయన తొడ చరిచి నవ్వాడు. "బాబోయ్, మళ్ళీ మొదలెట్టారండీ మీరు!" అన్నాడు. నాన్న భుజాలు కదిలాయి. శబ్దం లేదుగానీ అది నవ్వే. ఎన్ని నెలలైందో ఆయన అలా నవ్వగా చూసి. నేను లేనప్పుడు ఎన్నాళ్ళుగా సాధన చేస్తున్నాడో! తన ఇంట్లోనే, నా నుంచి దాక్కుని.

కొనుగోలుదారు వెళ్ళాక నేను రాశి పక్కనుంచి ఇవతలికి వచ్చాను. నాన్న నన్ను చూశాడు. చూడగానే యంత్రం కిందికి దించేసి, ఒళ్ళో ఉన్న తువ్వాలు కింద దాచేశాడు. చేయి పలక కోసం వెతుకుతోంది.

"ఆపకు నాన్నా" అన్నాను. "నాతో కూడా మాట్లాడు."

ఆయన చెయ్యి పలక మీదే ఆగింది. తర్వాత తువ్వాలు తీసి, యంత్రం మెడకి ఆనించుకున్నాడు. మొదట ఉత్త రొద వచ్చింది. తర్వాత మాట వచ్చింది.

"లేచి వెళ్ళిపోవుగా?"

నేను ఆ స్టూలు లాక్కుని ఆయన మోకాళ్ళకి ఎదురుగా కూర్చున్నాను.